డాబా మీద మట్టి లేని సాగు: శ్రీకాకుళంలో ఏడాది కొలతలు

స్థలం శ్రీకాకుళం పట్టణంలో రెండంతస్తుల ఇంటి డాబా. వాడుకున్నది 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. పడమర వైపు మెట్ల గది ఉంది కాబట్టి సాయంత్రం నాలుగున్నర తరవాత ఎండ పడదు.

హైడ్రోపోనిక్స్ (మట్టి లేని సాగు) గురించి దొరికే లెక్కలు ఎక్కువగా చల్లటి ఊళ్లకో, చల్లబరిచే ఏర్పాటున్న పాలీహౌస్‌లకో సరిపోయేవి. మన తీరంలో ఏప్రిల్‌లో డ్రమ్ములో నీరు ఎంత వేడెక్కుతుంది, బోరు నీటితో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎందుకు నిలవదు, కరెంటు పోతే మొక్క ఎంతసేపు ఆగుతుంది, తుపాను వార్త రాగానే ముందు ఏది విప్పాలి? ఇవి తెలియక కొలుచుకుంటూ పోయాను. ఆ కొలతలే ఇవి. కొత్తగా పెట్టేవాళ్లు జనవరిలో మాత్రం మొదలుపెట్టకండి. కారణం మూడో దశలో ఉంది.

దశ 1: పైపులు, స్టాండు, వాలు (సంక్రాంతి తరవాత)

పద్ధతి ఎన్ఎఫ్‌టీ. అంటే వాలుగా పెట్టిన పైపుల్లో పోషకాలు కలిపిన నీరు పలచగా పారుతూ, వేళ్లను తడిపి మళ్లీ డ్రమ్ములోకి వస్తుంది.

1. నాలుగు అంగుళాల పీవీసీ పైపులు నాలుగు, ఒక్కోటి 10 అడుగులు.
2. డ్రిల్లుకు రెండంగుళాల హోల్ సా తగిలించి, 8 అంగుళాలకొకటి చొప్పున రంధ్రాలు. పైపుకు 14, మొత్తం 56.
3. 100 లీటర్ల నీలం డ్రమ్ము, 40 వాట్ల సబ్‌మెర్సిబుల్ పంపు.
4. యాంగిల్ ముక్కలతో వెల్డింగ్ చేయించిన స్టాండు.

స్టాండుకు రెండు చివర్లే ఆధారం. ఒక అంగుళం వాలు పెట్టాం. నాలుగు రోజుల ఎండకే పైపులు మధ్యలో కిందికి వంగి, అక్కడ నీరు నిలవడం మొదలైంది. వెల్డింగ్ అతను వచ్చి చూసి, "ఈ వాలు సాల్దు బాబూ, మజ్జిలో పైపు దిగిపోయింది సూడండి" అన్నాడు. మూడడుగులకొక ఆధారం వేయించి, వాలును 3 అంగుళాలకు పెంచాం. 10 అడుగుల పైపుకు 3 అంగుళాలంటే 40కి 1. నీరు ఎక్కడా ఆగకుండా పారింది. ఈ వాలును తరవాత మళ్లీ మార్చాల్సి వచ్చింది, అది మూడో దశలో చెబుతాను. మూడడుగులకొక ఆధారం మాత్రం మొదటి రోజే వేయించుకోండి. తరవాత వేయించాలంటే పైపులన్నీ దించాలి.

ఖర్చు: పైపులు రూ. 2,600, ఎండ్ క్యాపులు, ఎల్బోలు, సన్న పైపు రూ. 900, పంపు రూ. 650, డ్రమ్ము రూ. 700, నెట్ పాట్‌లు (రంధ్రాల్లో మొక్కను నిలిపే జాలి కప్పులు) 60కి రూ. 360, స్టాండు రూ. 3,500.
ఇప్పటిదాకా: రూ. 8,710.

దశ 2: నీరు (ఫిబ్రవరి)

పాలకూర, లెట్యూస్ నారు పైపుల్లోకి ఎక్కించాక వారం తిరిగేసరికి లేత ఆకులు పసుపెక్కాయి. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, మధ్య భాగం మాత్రం వెలిసిపోయింది. ఇది ఇనుము అందకపోతే కనిపించే లక్షణం. నత్రజని తక్కువైతే ముదురు ఆకులు ముందు పసుపెక్కుతాయి, ఇనుము తక్కువైతే లేతవి. ఈ తేడా గుర్తుంచుకుంటే సగం రోగనిర్ణయం అయిపోయినట్టే.

బోరు నీళ్లు నింపిన డ్రమ్ములో ఇనుము వేశాను, అయినా మొక్కకు అందలేదు. పీహెచ్ చూస్తే 7.6. ముందు రోజు సాయంత్రం 6.0కి దించి పెట్టినదే రాత్రికి రాత్రి ఎక్కేసింది. ఈడీటీఏ రకం ఇనుము (చీలేటు, అంటే ఇనుమును నీటిలో కరిగి ఉండేలా పట్టి ఉంచే రూపం) పీహెచ్ 6.5 దాటితే నిలవదు, విడిపోయి అడుగున చేరుతుంది.

పీహెచ్ ఎందుకు ఎక్కుతోందో తెలుసుకోవడానికి అక్వేరియం షాపులో దొరికే కేహెచ్ టెస్ట్ కిట్ పనికొచ్చింది. ఇది నీటి క్షారతను, అంటే యాసిడ్‌ను అడ్డుకునే గుణాన్ని కొలుస్తుంది. 5 మి.లీ. నీటిలో చుక్కలు వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టాలి. ఒక్కో చుక్క అంటే లీటరుకు దాదాపు 18 మి.గ్రా. క్షారత.

బోరు నీరు: పీహెచ్ 7.9, ఈసీ 1.4, కేహెచ్ 17 చుక్కలు, అంటే క్షారత 300 పైన.
కుళాయి నీరు: పీహెచ్ 7.4, ఈసీ 0.4, కేహెచ్ 6 చుక్కలు, అంటే 107.

ఈసీ అంటే నీటిలో కరిగిన లవణాల కొలత. ఆకుకూరలకు మొత్తం ఈసీ 1.2 నుంచి 1.8 సరిపోతుంది. బోరు నీటిలో ఏమీ కలపకముందే 1.4 ఉంటే పోషకాలకు ఇక చోటెక్కడ? పైగా ఆ 300 క్షారతను అణచి పీహెచ్ 6కి తేవాలంటే 100 లీటర్లకు 28 మి.లీ. దాకా 85 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ పట్టింది. అంత యాసిడ్‌తో లీటరుకు 130 మి.గ్రా. ఫాస్ఫరస్ వచ్చి చేరుతుంది. ఆకుకూరకు కావలసింది 40, 50. ఎక్కువైన ఫాస్ఫరస్ ఇనుమును, జింకును మొక్కకు అందనివ్వదు. అంటే పీహెచ్ దించి ఇనుము అందిద్దామని పోసిన యాసిడే ఇనుముకు అడ్డం పడింది.

అందుకని పైపులకు బోరు నీరు పూర్తిగా ఆపేశాను. కుళాయి నీరు పట్టి, క్లోరిన్ పోవడానికి మూత తీసి ఒక రాత్రి ఉంచి వాడాను. దీనికి 100 లీటర్లకు 10 మి.లీ. యాసిడ్ చాలు. ఆ పది మిల్లీలీటర్లలోనే కావలసిన ఫాస్ఫరస్ దాదాపు అంతా వచ్చేస్తుంది కాబట్టి మోనో పొటాషియం ఫాస్ఫేటు 20 గ్రాముల నుంచి 5కి తగ్గించాను. అప్పటినుంచి వాడుతున్న పాళ్లు ఇవి, 100 లీటర్ల కుళాయి నీటికి:

1. కాల్షియం నైట్రేటు 80 గ్రా.
2. పొటాషియం నైట్రేటు 40 గ్రా.
3. మోనో పొటాషియం ఫాస్ఫేటు 5 గ్రా. వాన నీరు వాడితే 20 గ్రా., ఎందుకంటే దానికి యాసిడ్ దాదాపు అక్కర్లేదు.
4. మెగ్నీషియం సల్ఫేటు 40 గ్రా.
5. ఇనుము చీలేటు (12 శాతం) 2 గ్రా., సూక్ష్మపోషకాల మిశ్రమం ప్యాకెట్ మీద రాసినంత.

ఇది పూర్తి మోతాదు, ముదురు మొక్కలకు, టమాటాకు. లేత నారుకు సగం, లెట్యూస్‌కు మూడింట రెండు వంతులు.

కలిపే వరుస ముఖ్యం. కాల్షియం నైట్రేటును ఒక బకెట్టులో, మిగతావాటిని ఇంకో బకెట్టులో విడివిడిగా కరిగించి, డ్రమ్ము నిండుగా నీళ్లున్నాక ఒకదాని తరవాత ఒకటి పోయాలి. చిక్కటి ద్రావణాలు నేరుగా కలిస్తే కాల్షియం, సల్ఫేటు జతకట్టి జిప్సంగా, ఫాస్ఫేటుతో కలిసి తెల్లటి మడ్డిగా అడుగుకు పోతాయి. మీటరు ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది, మొక్కకు మాత్రం కాల్షియం ఉండదు. యాసిడ్ విషయంలో ఒకటే మాట: గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, నీళ్లలో యాసిడ్ పోయండి. యాసిడ్‌లో నీళ్లు ఎప్పుడూ పోయకండి.

ఆర్‌ఓ ఫిల్టరు బయటికి వదిలే నీళ్లు వాడొచ్చా అని చాలామంది అడిగారు. వద్దు. అందులో లవణాలు ఫిల్టరులోకి వెళ్లే నీటికంటే ఎక్కువ ఉంటాయి.

ఖర్చు: ఈసీ మీటరు రూ. 950, పీహెచ్ పెన్, బఫర్ పొడులతో రూ. 1,350, కేహెచ్ కిట్ రూ. 450, ఎరువులు రూ. 1,650, యాసిడ్ రూ. 300.
ఇప్పటిదాకా: రూ. 13,410.

దశ 3: నీటి వేడి (మార్చి నుంచి మే)

ఈ డైరీలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. ఇక్కడ పంటను నిలబెట్టేదీ పడగొట్టేదీ ఎరువు కాదు, వేళ్లను తాకే నీటి వేడి.

శివరాత్రి దాటాక డ్రమ్ములో నీరు మధ్యాహ్నం రెండింటికి 33 డిగ్రీలు. ఉగాది నాటికి 36.5. పైపు లోపల థర్మామీటరు పెడితే 39. లెట్యూస్ మధ్యాహ్నం వాలిపోయి సాయంత్రం లేచేది. కొన్నాళ్లకు సాయంత్రం కూడా లేవలేదు. మొక్కను పైకి లాగి చూస్తే వేళ్లు గోధుమ రంగులో జిగురుగా ఉన్నాయి. వేరును గోళ్లతో పట్టి లాగితే పైపొర ఊడొచ్చి లోపలి దారం మిగిలింది. కుళ్లు వాసన. ఇది పిథియం అనే వేరుకుళ్లు. వెచ్చటి నీరు దీనికి అనుకూలం.

వేడి నీటికి ఇంకో కష్టం ఉంది. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మి.గ్రా. పైచిలుకు ఆక్సిజన్ పట్టుకోగలదు, 35 డిగ్రీల నీరు 7 లోపే. వేడికి వేళ్లకు ఊపిరి ఎక్కువ కావాలి, నీటిలో ఉన్నది తక్కువ. ఎరువు పెంచితే తేరుకుంటుందని పెంచకండి. ఎండకు నీరు ఎక్కువ తాగే మొక్కకు ఈసీ ఇంకా తగ్గించాలి. నేను 1.6 నుంచి 1.1కి దించాను.

వేడి తగ్గించడానికి చేసినవి, మధ్యాహ్నం రెండింటి కొలతలతో:

1. పైపులకు తెల్ల రంగు. పైపు లోపల 39 నుంచి 36. పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.
2. 50 శాతం షేడ్ నెట్, పైపులకు ఆరడుగుల ఎత్తున. 36 నుంచి 34.5. తక్కువ ఎత్తున కడితే నెట్ కింద గాలి ఆడక వేడి అక్కడే ఉండిపోతుంది.
3. డ్రమ్మును మెట్ల గదిలోకి మార్చి థర్మాకోల్, వెండి రంగు షీటు చుట్టడం. డ్రమ్ములో 36.5 నుంచి 31.5.
4. తడి గోనెసంచులు. ఒక డిగ్రీ తగ్గింది, అంతే. గాలి పొడిగా ఉండే చోట గోనె బాగా పనిచేస్తుంది. మన గాలిలో తేమ ఎక్కువ, నీరు ఆవిరి కాదు, ఆవిరి కాకపోతే చల్లబడదు.
5. ఐసు సీసాలు. లెక్క వేస్తే ఒక లీటరు ఐసు కరిగి డ్రమ్ము వేడికి వచ్చేసరికి 100 లీటర్ల నీటిని ఒక డిగ్రీ చల్లబరుస్తుంది. కొలిస్తే కూడా అంతే వచ్చింది. 31.5 నుంచి 25కి దించాలంటే రోజూ ఆరేడు సీసాలు, అదీ ఒక్కసారికి. పైపుల్లోంచి తిరిగొచ్చే నీరు గంటలో మళ్లీ వేడెక్కిస్తుంది. ఇంట్లో ఫ్రీజరుతో అయ్యే పని కాదు.

ఈలోగా కరెంటు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గంటకు పైగా పోయింది. 3 అంగుళాల వాలున్న పైపులో చుక్క నీరు మిగల్లేదు, ఎండ వైపు వరసలో మొక్కలు తిరిగి లేవలేదు. ఎన్ఎఫ్‌టీకి ఉన్న పెద్ద లోపం ఇదే. ఇన్వర్టరు ఖర్చు పెట్టకుండా పైపులోనే నీరు నిలిచేలా మార్చాను:

1. ఎండ్ క్యాపులో నీరు బయటికి పోయే రంధ్రాన్ని అడుగు నుంచి ఒకటింపావు అంగుళం పైకి జరిపాను. పాత రంధ్రం ఉన్న క్యాపులు తీసేసి కొత్తవి వేశాను.
2. వాలు 3 అంగుళాలు అలాగే ఉంచితే నిలిచే నీరు కింది నాలుగడుగులకే అందుతుంది. అందుకని వాలును అర అంగుళానికి తగ్గించాను. ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నీరుంటుంది.
3. పైపుకు దాదాపు 5 లీటర్లు నిలుస్తుంది. పంపు ఆగినా వేళ్ల కొనలు తడిలోనే ఉంటాయి.
4. పంపు ఆగగానే ఆ మట్టానికి పైన ఉన్న నీరంతా డ్రమ్ములోకి దిగుతుంది కాబట్టి డ్రమ్మును అంచుదాకా నింపకూడదు. జానెడు ఖాళీ ఉంచాలి.

కరెంటు సమస్య తీరింది, వేడి తీరలేదు. ఇన్ని చేసినా పైపులో 33, 34 కింద రాలేదు. అందుకే ఏప్రిల్ మధ్యలో పైపులు ఖాళీ చేసి, లీటరుకు ఒక గ్రాము బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు రెండు గంటలు తిప్పి, మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టేశాను. మన జిల్లాలో పైపుల్లో ఆకుకూర సాగు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేయాల్సిన పని. జనవరిలో మొదలుపెడితే చేయి తిరిగేలోపే ఎండలు వచ్చేస్తాయి. సెప్టెంబరులో స్టాండు, అక్టోబరు చివర నారు, ఇదీ సరైన వరుస.

ఖర్చు: రంగు రూ. 380, థర్మాకోల్, షీటు రూ. 520, షేడ్ నెట్, తాళ్లు రూ. 1,900, కొత్త ఎండ్ క్యాపులు రూ. 240.
ఇప్పటిదాకా: రూ. 16,450. దిగుబడి: లెట్యూస్ 1.9 కిలోలు, పాలకూర 2.6, మొత్తం 4.5 కిలోలు.

దశ 4: కొబ్బరి పొట్టు బకెట్లు (ఏప్రిల్ చివర నుంచి)

వేసవికి పద్ధతీ మార్చాను, పంటా మార్చాను. 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్లలో కొబ్బరి పొట్టు నింపి, డ్రిప్పుతో పోషక నీరు. పొట్టు మందంగా ఉంటుంది కాబట్టి వేడి నెమ్మదిగా లోపలికి పోతుంది, వేళ్ల దగ్గర గాలి ఉంటుంది. తెల్ల బకెట్టు మధ్యలో మధ్యాహ్నం 31 డిగ్రీలు, అదే వేళకు పైపులో 34.

పొట్టు ఉద్దానం వైపు పీచు యూనిట్ నుంచి సంచుల్లో తెప్పించాను. చవక, కానీ ఉప్పు. నానబెట్టి పిండిన మొదటి నీటి ఈసీ 4.2. అలాగే వాడితే నారు ఆకుల అంచులు మాడిపోతాయి. శుద్ధి చేసిన విధానం:

1. నిండా నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి వార్చాలి. పిండిన నీటి ఈసీ 0.6 లోపు వచ్చేదాకా ఇలాగే చేయాలి. ఈ కడుగుళ్లకు కుళాయి నీరే కావాలి, 1.4 ఉన్న బోరు నీటితో ఎన్నిసార్లు కడిగినా ఆ అంకె రాదు.
2. లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేటు కలిపిన నీటిలో ఒక రాత్రి ఉంచాలి. పొట్టు పట్టుకున్న సోడియం, పొటాషియం వదిలి, కాల్షియం పట్టుకుంటుంది.
3. వార్చి, మంచినీటితో ఒకసారి కడిగి నింపాలి.

రెండో మెట్టు వదిలేసిన రెండు బకెట్లను పోల్చి చూడటానికి విడిగా ఉంచాను. వాటిలో తోటకూర లేత ఆకులు ముడుచుకుని వచ్చాయి, మిగతావి బాగున్నాయి. ఆ మెట్టు తప్పనిసరి.

బకెట్టు అడుగు నుంచి రెండంగుళాల ఎత్తున పక్కకు ఒక రంధ్రం. పోసిన నీటిలో 15 నుంచి 20 శాతం అందులోంచి బయటికి రావాలి. వచ్చిన నీటి ఈసీ పోసినదానికంటే 0.5 దాటి ఎక్కువగా ఉంటే లోపల ఉప్పు పేరుకుంటోందని అర్థం, ఒకసారి ఉత్త నీరు పారించాలి. బయటికొచ్చిన నీరు పారబోయలేదు, కింద కరివేపాకు చెట్టుకు, అరటికి పోతోంది.

12 బకెట్లలో బచ్చలి 4, గోంగూర 4, తోటకూర 4. రోహిణి కార్తె ఎండల్లో కూడా బచ్చలి తీగ ఆగలేదు. అమ్మ మొదటినుంచీ అడిగింది బచ్చలే. ఎవరూ పెద్దగా తినని లెట్యూస్‌ను ఏప్రిల్‌లో బతికించడానికి పడ్డ శ్రమలో పావు వంతు కూడా దీనికి పట్టలేదు.

మేలో కుళాయి నీరు తగ్గింది. ఏసీ నుంచి కారే నీరు పట్టాను. మన తేమకు రాత్రికి ఒక బకెట్టు దాకా వస్తుంది, ఈసీ దాదాపు సున్నా. రాగి గొట్టాల మీదుగా వచ్చే నీరు కాబట్టి అదొక్కటే కాకుండా సగం కుళాయి నీరు కలిపి వాడాను.

ఖర్చు: బకెట్లు రూ. 720, పొట్టు రవాణాతో రూ. 500, డ్రిప్పు, టైమరు రూ. 1,180.
ఇప్పటిదాకా: రూ. 18,850. దిగుబడి: బచ్చలి 8.2, గోంగూర 3.8, తోటకూర 5.5 కిలోలు. మొత్తం 22 కిలోలు.

దశ 5: వానలు, తుపాను కాలం (జూన్ నుంచి అక్టోబరు)

మృగశిర కార్తెతో నీటి కొరత తీరింది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. మెట్ల గది పైకప్పు 8 చదరపు మీటర్లు, 60 మి.మీ. వానకు 480 లీటర్లు. ఒక్క పెద్ద వానకు 500 లీటర్ల ట్యాంకు దాదాపు నిండింది. మొదటి 20 లీటర్లు దుమ్ము, పిట్టల రెట్టలతో వస్తాయి, వాటిని పక్కకు వదలాలి. వాన నీటి ఈసీ 0.03. ట్యాంకు మూతికి, డ్రమ్ము మూతికి సన్న దోమల జాలి కట్టండి. డెంగీ దోమ పెరిగేది ఇలాంటి నిలవ నీటిలోనే.

బకెట్లలో వేసిన కీరదోసకు ఆకుల మీద ఈనెల మధ్య పసుపు మచ్చలు, అడుగున బూజు వచ్చాయి. కింది ఆకులు తీసేసి, బకెట్ల మధ్య దూరం పెంచితే కొంత ఆగింది. ఈ కాలంలో కీర లాభం లేదు, బచ్చలే కొనసాగించడం మేలు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి మన జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. డాబా మీద ఏది పెట్టినా అక్టోబరులో విప్పగలిగేలా పెట్టాలి. ఈసారి వాయుగుండం హెచ్చరిక వచ్చినప్పుడు చేసిన వరుస:

1. ముందు షేడ్ నెట్. గాలికి నెట్ తెరచాపలా మారి స్టాండును కూడా లాగేస్తుంది. ముడులు కాకుండా కొక్కేలు పెడితే పావుగంటలో దిగుతుంది.
2. పంపు, టైమరు, వైర్లు లోపలికి.
3. ఖాళీ పైపులు దించి, పిట్టగోడ వెంట కట్టేయడం.
4. ట్యాంకు నిండుగా ఉంచడం. ఖాళీ ట్యాంకు గాలికి లేస్తుంది, నిండుది లేవదు.
5. బకెట్లన్నీ మెట్ల గది గోడ చాటుకు.

ఖర్చు: ట్యాంకు రూ. 3,300, పైపు, జాలి రూ. 750.
ఇప్పటిదాకా: రూ. 22,900. దిగుబడి: కీర 6.5, బచ్చలి 4 కిలోలు. మొత్తం 32.5 కిలోలు.

దశ 6: చలికాలం (అక్టోబరు చివర నుంచి)

డ్రమ్ములో ఉదయం 20, మధ్యాహ్నం 25 డిగ్రీలు. అవే పైపులు, అదే ఎరువు, వాన నీరు. వేళ్లు పాలలా తెల్లగా వచ్చాయి. పాలకూర ఆల్ గ్రీన్ రకం వేశాను, నాటిన నెలకు మొదటి కోత. ధనియాలను రెండుగా చిట్లేలా నలిపి ఒక రాత్రి నానబెడితే కొత్తిమీర మొలక సమంగా వచ్చింది.

10 బకెట్లలో అర్క రక్షక్ టమాటా. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్ఆర్) ఇచ్చిన ఈ హైబ్రిడ్ ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుంది. ఈసీ 1.8తో మొదలుపెట్టి పూత నాటికి 2.4కి పెంచాను. మొదటి గెలలో కొన్ని కాయల అడుగు నల్లబడింది. కాల్షియం మోతాదు సరిగానే ఉంది, లోపం నీరు పెట్టే తీరులో ఉంది. రోజుకు రెండుసార్లు ఎక్కువగా పెడితే మధ్యలో పొట్టు ఆరుతోంది. అదే నీటిని ఆరుసార్లుగా విడగొట్టాక రెండో గెల నుంచి శుభ్రంగా వచ్చింది. నిండు కాపులో మొక్కకు రోజుకు లీటరున్నర పట్టింది.

పాచి మాత్రం వదల్లేదు. నెట్ పాట్ చుట్టూ వెలుగు పడిన ప్రతిచోటా పచ్చటి జిగురు. నల్ల రబ్బరు షీటును గుండ్రంగా కత్తిరించి, మధ్యకు ఒక చీలిక పెట్టి మొక్క మొదట్లో తొడిగితే తగ్గింది. ఖాళీ రంధ్రాలకు మూత తప్పదు.

ఖర్చు: విత్తనాలు రూ. 600, ఎరువులు మళ్లీ రూ. 1,900.
ఇప్పటిదాకా: రూ. 25,400. దిగుబడి: పాలకూర 9.8, లెట్యూస్ 6.1, కొత్తిమీర 1.6, టమాటా 29.5 కిలోలు. ఏడాది మొత్తం 79.5 కిలోలు.

ఈ ఖర్చులో ఏటా మళ్లీ పెట్టాల్సింది ఎరువులు, విత్తనాలు, కరెంటు. 40 వాట్ల పంపు రోజంతా తిరిగితే నెలకు 29 యూనిట్లు. పైపుల్లో నీరు నిలుస్తోంది కాబట్టి ఇప్పుడు పావుగంట నడిపి పావుగంట ఆపుతున్నాను, సగానికి వచ్చింది.

మార్చి మొదటి వారంలో నీరు 28 దాటగానే పైపులు ఖాళీ చేస్తాను, ఉగాది దాకా ఆగను. వచ్చే వేసవికి బకెట్లు 12 నుంచి 20 చేస్తున్నాను, పొట్టు ఇప్పటికే నానుతోంది. నిన్నటి వార్పు ఈసీ 1.1, ఇంకా కడగాలి.